కోపానికి కాగే ఇస్త్రీ పెట్టె

"తడి తువ్వాలు మళ్ళీ మంచం మీద పడేసిందెవరు!"

కేక వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడి టీ కొట్టు రేకు తలుపుకి కొట్టుకుని వెనక్కి వచ్చింది. టీ కొట్టాయన గడియారం చూసుకున్నాడు. సరిగ్గా ఎనిమిదిన్నర. ఎదురింటి దర్జీ కత్తెర ఆపకుండానే, "నిప్పుల వదిన పనిలోకి దిగింది" అన్నాడు.

దిగింది మరి. తువ్వాలుని నేలకేసి కొట్టి, అదే చేత్తో ఇస్త్రీ పెట్టె అందుకుంది. తువ్వాలు పడేసిన పెద్దమనిషి ఎవరో కాదు, ఆవిడ మొగుడే. తలుపు చాటునుంచి తల్లికి సైగ చేశాడు, కాగింది అని.

ఆ పెట్టెకి వైరు లేదు, బొగ్గులు పోసే మూతా లేదు. పట్టుకున్న మనిషికి ఎంత కోపముంటే అంత కాగుతుంది, అంతే. కొందరిళ్ళల్లో తలుపు కిర్రుమంటుంది, కొందరిళ్ళల్లో గోడ చెమ్మగిలుతుంది, వీళ్ళింట్లో ఇస్త్రీ పెట్టె కోపానికి కాగుతుంది. కరెంటు పోయినా పని ఆగదు కదా అనుకున్నారే తప్ప, దాని గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు.

అయితే దొంగ కోపాలు దాని దగ్గర చెల్లవు. అత్తగారు పొద్దస్తమానం అరుస్తూనే ఉంటుంది, కానీ ఆవిడ పట్టుకుంటే పెట్టె కుండలో నీళ్ళంత చల్లగా ఉంటుంది. ఆవిడవి కేకలే, కోపం కాదు. మామగారిది ఉత్త చిరాకు, గోరువెచ్చన దాటదు. కొడుకు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆయనకి ఆకలి తప్ప మరొకటి రాదు. వదిన కాపురానికొచ్చిన మూడో రోజున ఏదో మాటకి మండిపడి ఆ పెట్టె పట్టుకుంటే బల్ల మీది గుడ్డ కాలి చిల్లుపడింది. ఇల్లంతా పండగ చేసుకుంది. ఆ రోజునుంచి పెట్టె ఆవిడదే. పదకొండేళ్ళు.

వాళ్ళ పని వాడిన బట్టలకి కొత్త ముఖం పెట్టడం. మూటల్లో వచ్చిన పాత చొక్కాలు ఉతికి, గుండీలు కుట్టి, మరక పోని చోట ఒక బొమ్మ దింపుతారు. బొమ్మలు గీసేది ఆడపడుచు, ఆ ఇంట్లో నోరు విప్పని మనిషి ఆ పిల్లొక్కతే. మైనం పెన్సిళ్ళతో గరుకు కాగితం మీద ఒత్తి ఒత్తి గీస్తుంది. ఆ కాగితం చొక్కా మీద బోర్లా వేసి, పైనుంచి కాగిన పెట్టె నొక్కితే మైనం కరిగి రంగు గుడ్డకి పట్టేస్తుంది. ఎడమ కుడి అవుతుంది కాబట్టి, గుర్రం అటు పరిగెత్తాలంటే ఇటు గీయాలి. బొమ్మ దిగిన ప్రతి చొక్కానీ వదిన గుండెలకి ఆనించుకుని అద్దంలో చూసుకుంటుంది. "వేసుకున్నవాడు చూసుకునేది అద్దంలోనేగా, నేనూ అక్కడే చూస్తా" అంటుంది.

ఆ రోజు బడి డ్రిల్లు మాస్టారికి ముప్పై చొక్కాలు ఇవ్వాలి, అన్నిటి మీదా పరిగెత్తే గుర్రం. మర్నాడే పిల్లల పరుగు పందెం. సాయంత్రం ఐదింటికి ఆయన వస్తాడు. మధ్యాహ్నానికి పద్దెనిమిది అయ్యాయి.

పంతొమ్మిదోది తీసింది. రంగు రాసుకుపోకుండా దొంతరలో కాగితాలన్నీ బోర్లాయే ఉంటాయి. వదిన చూడకుండానే ఒకటి లాగింది, వేసింది, నొక్కింది, ఒలిచింది. చొక్కా గుండెలకి ఆనించుకుని అద్దం ముందు నిలబడింది.

గుర్రం లేదు. అక్షరాలున్నాయి. అద్దంలో తిన్నగా, మామగారి చేతిరాతలో.

"సోమవారం, తడి తువ్వాలు, అబ్బాయి. మంగళవారం, పాలగిన్నె మూత దాచడం, నేను. బుధవారం, కోడలి పుట్టింటి మాట ఎత్తడం, మా ఆవిడ. గురువారం, మళ్ళీ తువ్వాలు, అబ్బాయి. శుక్రవారం, తుడిచిన అద్దం మీద చేతి మరకలు, అమ్మాయి. రోజూ, కోడలికి అన్నం ఆఖర్న, చల్లారాక. కడుపు నిండితే పెట్టె కాగదు."

కలం కనబడక మైనం పెన్సిలుతో రాసి, క్యాలెండరు వెనక దోపాడు ముసలాయన. అది జారి దొంతరలో కలిసింది.

వదిన ఒకసారి చదివింది. రెండోసారి చదవలేదు.

అత్తగారు ముందుజాగ్రత్తగా చెవులు మూసుకుంది. ఎదురింట్లో దర్జీ కిటికీ వేసేశాడు. కేక మాత్రం రాలేదు.

వదిన పెట్టెని నెమ్మదిగా బల్ల మీద నిలబెట్టింది. "నేను గయ్యాళిననుకున్నాను" అంది. ఆ వీధి ఎప్పుడూ వినని చిన్న గొంతు.

"అదేం కాదే..." అన్నాడు మొగుడు.

"మీరాగండి. తువ్వాలుకి కూడా అరుస్తావేమిటే అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇవాళ అరవకూడదని రోజూ ఒట్టేసుకుని లేచేదాన్ని. ఎనిమిదిన్నరకల్లా ఒట్టు గాల్లో కలిసేది. నా నోరు మంచిది కాదమ్మా అని మా అమ్మ దగ్గర ఏడ్చాను. ఇక్కడ మీరు వంతులు రాసుకున్నారా?"

"ఇల్లు గడవాలి కదమ్మా" అన్నాడు మామగారు. "నీ కోపం వల్లే ఈ నాలుగు మెతుకులూ..."

"ఆ మెతుకులు నాకు చల్లారాక వచ్చాయి మామయ్యగారూ."

ముసలాయన మంగళవారం దాచిన పాలగిన్నె మూత తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సరేలే, తప్పయింది" అంది అత్తగారు. "ముందు ఆ పన్నెండూ కానియ్యి, చెడిన చొక్కాకి బదులు మూటలోంచి ఇంకోటి తీస్తాను. ఇప్పుడు నీకు బోలెడు కోపంగా ఉంది కదా, చిటికెలో అయిపోతాయి."

"ఉంది. పదకొండేళ్ళలో ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. అందుకే పెట్టను. ఇన్నాళ్ళూ మీరు తెప్పించిన కోపం, మీకే ఇచ్చేశాను. ఇది నా సొంతం. చొక్కాలకి తగలెయ్యను. ఇక ఆ పెట్టె ముట్టను."

ఆ రాతల చొక్కా తొడుక్కుంది. వెళ్ళి అన్నాల బల్ల దగ్గర అత్తగారి కుర్చీలో కూర్చుంది. ఆ బల్లకి కుర్చీలు నాలుగే. ఆఖర్న తినేదానికి ఐదోది ఎందుకని కొనలేదు.

ఇక చూడాలి వాళ్ళ అవస్థ! అత్తగారు పెట్టె పట్టుకుని పెట్టెనే తిట్టింది. చల్లగా ఉంది. మామగారు పళ్ళు కొరికాడు. గోరువెచ్చన. గంట నాలుగైంది. రేపు పన్నెండుమంది పిల్లలు మరకల చొక్కాలతో పరిగెడతారు.

అప్పుడు ఆడపడుచు లేచి తండ్రి చేతిలోంచి పెట్టె తీసుకుంది. కింద కాగితం అంచు మాడి పొగ లేచింది.

"నీకు కోపమేమిటే?" అంది తల్లి.

"శుక్రవారాలు నావి" అంది ఆ పిల్ల. వాడక గొంతు బొంగురుపోయింది. "నాకు బొమ్మలొచ్చని ఈ ఇంట్లో ముందు కనిపెట్టింది వదిన. ఆవిడ తుడిచిన అద్దం మీద నన్ను చెయ్యెయ్యమన్నారు. వద్దంటే నోర్ముయ్యమన్నారు. మూసుకున్నాను. అంతా లోపలే ఉంది."

ఒకటి, రెండు, ఆరు, ఎనిమిది. గుర్రాలు టకటకా దిగాయి. తొమ్మిదోదానికి వదిన వైపు చూసి ఏడ్చేసింది. ఏడుపుకి పెట్టె కాగదు.

ఇంకా నాలుగు. మొగుడు వచ్చి పెళ్ళాం గుండెల మీది తిరగబడ్డ అక్షరాలు కూడబలుక్కున్నాడు. 'అబ్బాయి' అని రెండుసార్లుంది. పెట్టె అందుకున్నాడు. చుయ్యిమంది.

"ఎవరి మీదరా?" అంది తల్లి భయంగా.

"నా మీదే."

ముప్పయ్యో చొక్కా వేడి తగ్గకముందే మాస్టారు వచ్చాడు. "ఈసారి గుర్రాలు మహా కోపంగా ఉన్నాయే! మావాళ్ళు గెలిచేట్టున్నారు" అని మూట కట్టుకుపోయాడు.

మొగుడు ఎదురింటికి వెళ్ళి దర్జీని స్టూలు అడిగాడు. దర్జీ ఎందుకని అడగలేదు, దుమ్ము తుడిచి మరీ ఇచ్చాడు. వస్తూ వస్తూ మంచం మీది తువ్వాలు దండెం మీద ఆరేశాడు.

"రేపట్నుంచి పెట్టెకే వంతులు" అంది వదిన. "ఎవరి కోపం వాళ్ళే తెచ్చుకోవాలి."

"నాకు రాకపోతేనో?" అన్నాడు మామగారు.

"పేపరు చదవండి."

అత్తగారు ముందు వదిన కంచంలో వడ్డించింది. ఆవిరి మొహానికి తగిలింది. పదకొండేళ్ళ తర్వాత వేడి ముద్ద.

"కోపం పోయిందా అమ్మా?" అంది అత్తగారు, గరిటె పట్టుకుని నిలబడి.

"పోలేదు. పక్కన పెట్టాను. మీరూ కూర్చోండి, చల్లారిపోతుంది."

అత్తగారు స్టూలు మీద కూర్చుంది. అందరూ తిన్నారు.