గుమ్మడిలోవ బడి తాళం

నేను ఒక తాళాన్ని. ఏడు లీవర్ల ఇత్తడి తాళాన్ని. అలీగఢ్‌లో పుట్టి, నర్సీపట్నం ఇనుప సామాన్ల కొట్లో రెండేళ్లు వేలాడి, చివరికి కొండమీది గుమ్మడిలోవ బడి తలుపెక్కాను. ఏ నగల బీరువాకో కాపలా దొరుకుతుందని ఆశపడితే, రెండు నల్లబల్లలకూ ఒక గ్లోబుకూ కాపలా కాయమన్నారు. సరే, ఉద్యోగం ఉద్యోగమే.

దాన్ని మహా శ్రద్ధగా చేశాను. అక్కడ ఒక్కరే టీచరు. ఆ ఒక్కరికీ జ్వరమొచ్చినా, ఎన్నికల డ్యూటీ పడినా, జనాభా లెక్కలకు పిలిచినా తలుపు మీద నేనే. పిల్లలు వచ్చి నన్నొకసారి లాగి చూసి, మేకల వెంట వెళ్ళిపోయేవారు. ఎనిమిదేళ్లలో నలుగురు టీచర్లు బదిలీ చేయించుకున్నారు. వాళ్ళనేమనగలం? బస్సు దిగాక రెండు గంటల నడక, ఉండడానికి చోటు లేదు.

ఐదో ఆవిడ హైమావతి టీచరు. రోజూ ఆ కొండెక్కి వచ్చి, మేకల వెంట పోయే పిల్లల చేత పేపరు చదివించింది. ఉత్తమ ఉపాధ్యాయురాలని సన్మానం చేయడానికి ఆమెను రెండుసార్లు మండలానికి పిలిచారు. ఆ రెండు రోజులూ బడికి నన్నే వేశారు! మనుషుల తెలివికి నాకు నవ్వాగలేదు.

తర్వాత ఆమె మోకాళ్ళు మొరాయించాయి. బదిలీకి దరఖాస్తు పెట్టి, తాళంచెవి అప్పగిద్దామని ఊరిపెద్ద పాంగి సోమన్నను పిలిచింది. ఆయన చెయ్యి చాపలేదు.

"తాలంచెవి మాకెందుకమ్మా? మీరుండాలంటే ఏటి కావాలో సెప్పండి."

"ఉండడానికో గది కావాలి సోమన్నా. నేను మంచాన పడినా బడి ఆగకుండా ఇంకో టీచరు కావాలి. శాలువాలంటారా, రెండున్నాయి."

ఊరు ఊరంతా మట్టి తొక్కింది. నలభై రోజుల్లో బడి పక్కన పెంకుల గది లేచింది. సోమన్న రెండో టీచరు కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఉత్తర్వు సాధించుకొచ్చాడు. హైమావతి టీచరు దరఖాస్తు వెనక్కి తీసుకుంది. అలాంటి ఊరి బడికి తాళాన్నైనందుకు ఆ పూట గర్వంతో నా ఒళ్ళు పొంగిపోయింది.

ఇది జరిగి ఐదేళ్లు. ఆమె శిక్షణకు వెళితే రెండో టీచరుగా వచ్చిన చిన్న మాస్టారు పాఠం చెబుతాడు. ఆమె పక్కనే ఉంటుంది కాబట్టి రాత్రిపూట గొళ్ళెం చాలు. నా లోపలి లీవర్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. గూట్లో కూర్చుని ఎక్కాలు వింటున్నాను.

మొన్న తనిఖీకి వచ్చిన అధికారి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది పడటం లేదే! బడికి కొత్త తాళం కొనండి" అన్నాడు.

సోమన్న నవ్వాడు.

"ఎందుకు బాబూ? మాకిద్దరు టీచర్లున్నారు."