ముక్కుమామ ఇల్లు వదిలిన సంగతి

రోజూ పొద్దున్నే సెలూన్ తలుపు తీసి, అద్దం తుడిచి, కత్తి పదును చూసుకుని కూర్చునేవాడు ముక్కుమామ. ఆయన ముక్కంటే మాటలా? మెడ దగ్గర వంగి ఒక్కసారి గాలి పీల్చాడంటే, ఇంకా పుట్టని జబ్బు కూడా పేరు చెప్పుకుని బయటికి రావాల్సిందే. ఒకడి ఫోటో వాసన చూసి కామెర్లన్నాడు. వచ్చాయి.

"మామా, గడ్డం గీసి కాస్త కాలేయం కూడా చూడు."

"దానికి వేరే రేటురా."

డాక్టరు కూడా అక్కడే వరసలో కూర్చునేవాడు.

అంతటి ముక్కూ ఇంట్లో దండగ. కలిసి బతికేవాళ్ల వాసన ఎవరికి తెలుస్తుంది? భార్య కడుపులో గడ్డ ముదిరి మంచం పట్టేదాకా ఆయనకేమీ అందలేదు.

"ఇక మందుల్లేవు," అన్నాడు డాక్టరు. "ఇది కూతురికీ వచ్చే రకం. మా యంత్రాలకు కనబడేసరికి ఇలాగే ముదురుతుంది. అమ్మాయిని నువ్వే చూడు మామా."

కూతురి మెడ దగ్గర వంగాడు. ఏమీ లేదు. సొంత చెయ్యి వాసన చూసుకున్నట్టుంది.

"నువ్వు మమ్మల్ని మర్చిపోవాలయ్యా," అంది భార్య. "ఎక్కడికైనా పో. మా వాసన పూర్తిగా పోయాకే రా."

"నిన్నిలా వదిలేసి పోనా?"

"నేనెలాగూ పోయేదాన్నే. ఊళ్లోవాళ్ల మెడలన్నీ చూశావు, ఒక్క పిల్లను చూడమంటే బేరాలా?"

దూరంగా చేపలు ఎండబెట్టే రేవులో పనికి కుదిరాడు. ఆ కంపుకు గద్దలే దారి మళ్లేవి. ఆయన మాత్రం గుండెల నిండా పీల్చాడు. ఇంటి వాసనలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. గుమ్మం, దుప్పట్లు, కూతురి తల. భార్యది మాత్రం చివరిదాకా పట్టుకుని వేలాడింది. అదీ జారిపోయాక సంచి సర్దుకున్నాడు.

వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

"నిన్ననే, నాన్నా," అంది కూతురు. "నీ కోసం గుమ్మం వైపే చూసింది. పిలిపించనా అంటే, వద్దు, ఇంకా మర్చిపోయుండడు అంది."

ఆయన సంచి కింద పెట్టాడు. కూతురి మెడ దగ్గర వంగాడు. తుప్పుపట్టిన రేకు మీద చినుకు పడ్డట్టు, సన్నగా, వాసన ఉంది.

"కుడిపక్కన. గింజంత."

డాక్టరు అక్కడే వెతికాడు, దొరికింది, తీసేశాడు. పిల్ల గట్టెక్కింది.

సెలూన్ ముందు జనం ఆ ముక్కును ఆకాశానికెత్తుతుంటే, ముక్కుమామ ఇంట్లో తలుపేసుకుని భార్య దిండులో మొహం దాచుకున్నాడు. ఊపిరి చాలినంతా పీల్చాడు. ఎవరో పరాయి ఆడమనిషి కాసేపు పడుకుని లేచి వెళ్లిన వాసన వచ్చింది.