పెద్దక్క ఎంచుకున్న అలమర

రెండో విడత టీ కాచేసరికి స్టవ్ మంట మూడుసార్లు ఆరిపోయింది. బాల్కనీలో గాలి ఎక్కువ. పాత వంటింటి తలుపు రెక్కను ఊడదీసి గోడకు చేర్చి ఉంటే, పెద్దక్క దాన్ని లాక్కొచ్చి స్టవ్‌కు అడ్డం పెట్టింది. వంటిల్లు మొన్న సాయంత్రమే ఖాళీ అయింది. గిన్నెలు అట్టపెట్టెల్లోకి, అట్టపెట్టెలు హాల్లోకి పోయాయి. చెంచా ఒకటి కావాలంటే మూడు పెట్టెలు దించాలి. ఏ చెంచా ఏ పెట్టెలో ఉందో పెద్దక్కకు తెలుసు కనుక, ఇంట్లో మిగతా ఇద్దరికీ ఆ ఇబ్బంది తెలిసి రాలేదు.

ఆ ఇద్దరూ ఆమె తమ్ముడూ, మరదలూ. ఇల్లు వాళ్ళది. పెద్దక్క అని పిలవడం తమ్ముడి స్నేహితులు మొదలుపెట్టారు. తర్వాత పాలవాడు, పక్కింటివాళ్ళు, చివరికి నిన్నగాక మొన్న వచ్చిన పనివాళ్ళు కూడా అలాగే పిలుస్తున్నారు. అరవై మూడేళ్ళ మనిషి. బాగా పొట్టి. బరువులెత్తీ ఎత్తీ కుడి భుజం కాస్త కిందికి జారింది. ముంజేతుల మీద వేడి గిన్నెల అంచులు తగిలిన మచ్చలు, పాతవాటి మీద కొత్తవి. భోజనం నిలబడే చేస్తుంది. ఎవరైనా అడిగితే “కూర్చుంటే నాకు అరగదు” అని నవ్వేస్తుంది. అడిగేవాళ్ళు కూడా ఆ జవాబుతో సరిపెట్టుకుని చాలా ఏళ్ళయింది.

వడ్రంగి మేస్త్రీ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి పెట్టాడు. యాభై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు, నడుముకు టేపు. ఈ ఇంట్లో తాను తాగిన గ్లాసు తానే కడిగిన మగవాణ్ణి పెద్దక్క చూడటం ఇదే మొదటిసారి. ఏదో వింత చూసినట్టు చూసింది.

“వంట చేసేవాళ్ళు ఒకసారి ఇలా రండమ్మా, గట్టు ఎత్తు చూడాలి,” అని లోపలికి వెళ్ళి కేకేశాడతను.

పెద్దక్క తడిచేతులు తుడుచుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. అప్పటికే మరదలు మేస్త్రీ ముందు నిలబడి ఉంది. బడిలో పాఠాలు చెబుతుంది మరదలు. బయల్దేరబోతున్నదల్లా, భుజాన సంచీ అలాగే ఉంచుకుని వచ్చేసింది. మేస్త్రీ ఆమెను మోచెయ్యి మడవమన్నాడు. మోచేతికి నాలుగు వేళ్ళ కింద టేపు పట్టాడు. వాళ్ళ పనిలో అదొక పద్ధతి. వంట చేసే మనిషి మోచేతికి నాలుగు వేళ్ళ కింద గట్టు ఉంటే ఎంతసేపు నిలబడినా నడుమూ భుజాలూ నొప్పి పుట్టవట. మరదలు పొడగరి. ముప్పై ఎనిమిది అంగుళాలు వచ్చింది. మేస్త్రీ గోడ మీద పెన్సిలుతో అడ్డగీత గీశాడు.

అబద్ధం ఆడుతున్నానని మరదలికి తోచలేదు. చెడ్డ మనిషి కాదామె. వంటిల్లు తనది, కాబట్టి వంట కూడా తనదే అనుకుంది. సెలవురోజుల్లో ఆమె కూడా ఏదో ఒకటి చేస్తుంది. చేసినంతసేపూ ఉప్పెక్కడ, నూనెక్కడ అని ఇల్లెగిరిపోయేలా కేకలేస్తుంది.

ఆమె బడికి వెళ్ళాక పెద్దక్క ఆ గీత పక్కన నిలబడి చూసుకుంది. గీత తన మోచేతిని దాటి పైకి పోయింది. ఆ ఎత్తులో ఉల్లిపాయలు తరగాలంటే భుజాలు చెవుల దాకా లేపాలి. పీట వేసుకుంటే సరి అనుకుంది. సర్దుకుపోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. పైగా గట్టు ఎంత ఎత్తున్నా, అలమర మాత్రం తనదే కదా.

ఆ అలమర కథేమిటంటే, పోయిన ఆదివారం ముగ్గురూ కలిసి కబ్బోర్డులు ఎంచుకోవడానికి దుకాణానికి వెళ్ళారు. అన్నీ తయారైన వంటిళ్ళే అక్కడ, పొయ్యి వెలగనివి. పెద్దక్క చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటీ చూస్తూ పోయి, ఒక పొడుగు అలమర దగ్గర ఆగిపోయింది. నాలుగడుగుల వెడల్పు, పైకప్పు దాకా ఎత్తు. తలుపు లాగితే అరలన్నీ తలుపుతోపాటు నడిచి బయటికి వచ్చాయి. వెనకెక్కడో పడి మరుగున పోయే డబ్బా అంటూ ఉండదిక. స్టూలెక్కి, చేతిని భుజం దాకా దూర్చి, వేళ్ళతో తడుముకునే పని ఉండదు. నాలుగుసార్లు తెరిచి మూసింది. దుకాణంలో అమ్మాయి “మెల్లగా వేస్తే చాలు మేడమ్, దానంతటదే మూసుకుంటుంది,” అంది. ఆ మేడమ్ ఎవరా అని పెద్దక్క వెనక్కి తిరిగి చూసింది.

“నీకేది నచ్చిందక్కా?” అని అడిగాడు తమ్ముడు.

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఎవరైనా ఆమెను అలా అడగడం అదే మొదలు. “ఇది,” అంది, వేలు పెట్టి చూపిస్తూ. మరదలు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు నేల వైపు చూశాడు. “అయితే ఇదే,” అన్నాడు. ఇల్లు చేరేదాకా కారు వెనక సీట్లో పెద్దక్క ఏ అరలో ఏ డబ్బా పెట్టాలో మనసులోనే సర్దుకుంటూ కూర్చుంది. చాలా సంతోషంగా ఉందామె ఆ రోజు. అంత పెద్ద అలమర ఎక్కడ పడుతుందన్న ఆలోచనే రాలేదు.

పదకొండు గంటలకు మేస్త్రీ సామాన్ల గదిలోకి దూరాడు. వంటింటిని ఆనుకుని, మధ్యలో పలచటి గోడతో, ఏడడుగుల పొడుగూ నాలుగడుగుల వెడల్పూ ఉన్న గది. అందులో ఒక ఇనపమంచం, మంచం కింద సూట్‌కేసు, మంచం పైన అటక. మంచం అడ్డొచ్చి తలుపు సగమే తెరుచుకుంటుంది. పక్కకు తిరిగితే తప్ప లోపలికి పోలేరు. మేస్త్రీ గోడకు సుద్దతో నిలువుగా ఒక గీత గీశాడు. ఆ గీతను కిందికి లాక్కుంటూ వచ్చి, దిండు దగ్గర ఆపాడు.

“ఈ గోడ మొత్తం తీసేస్తాం పెద్దక్కా. మీ పొడుగు అలమర సరిగ్గా ఇక్కడ నిలబడుతుంది.”

“ఇక్కడా?”

“ఇంకెక్కడ పడుతుంది చెప్పండి అంత పెద్దది?” అని, చేత్తో మంచం పట్టె తట్టి అడిగాడు. “ఈ మంచం ఎవరిదమ్మా?”

“నాదే.”

మేస్త్రీ చెవి మీది పెన్సిలు తీశాడు. ఏమీ రాయకుండా మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు. “ఇందులోనే చిన్న సైజు ఉందమ్మా. అదైతే కిటికీ పక్కన సరిపోతుంది, గోడ జోలికి పోనక్కర్లేదు. భోజనాల వేళకల్లా నేను వర్క్‌షాపుకు చెప్పాలి. తర్వాత చెక్క కోసేస్తారు. సార్‌తో ఒక మాట అనుకోండి.”

ఆ తర్వాత రెండు గంటలసేపు పెద్దక్క ఆ ఒక్క స్టవ్ మీదే అన్నం వండింది, కూర చేసింది, ఒక మాటను నోట్లోనే తిప్పుకుంది. నేను ఎక్కడ పడుకోవాలి. మూడంటే మూడే మాటలు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈమె అమ్మను కూడా ఏనాడూ ఏమీ అడిగి ఎరగదు. ఇప్పుడు కొత్తగా నోరు తెరవాలంటే నోరే అలవాటు తప్పింది. తమ్ముడికే తట్టాలి కదా అనుకుంది. మంచం చూశాడు, గోడ చూశాడు, వాడికి తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుందన్న ఆలోచన వచ్చేసరికి కూర అడుగంటింది. ఆమె చేతిలో కూర మాడటం చాలా ఏళ్ళ తర్వాత ఇదే.

తమ్ముడు ఆ రోజు సెలవు పెట్టాడు. హాల్లో అట్టపెట్టెల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దక్క కంచం తెచ్చి ఒక పెట్టె మీద పెట్టింది.

“ఒరేయ్, ఆ అలమర మరీ పెద్దదేమోరా. చిన్నది వేయించరాదూ?”

“అదేంటక్కా, నువ్వే కదా నచ్చిందన్నావ్. నీకోసమని కదా పెట్టిస్తోంది.”

అన్నాడు గానీ కంచంలోంచి తల ఎత్తలేదు. రెండు ముద్దలు తిన్నాక మొదలుపెట్టాడు. “నీతో చెబుదామనుకుంటూనే ఉన్నాను. పిన్ని కూతురు ఫోన్ చేసింది. మోకాలి ఆపరేషన్ అయింది కదా, దగ్గర మనిషి లేరట పాపం. ఇక్కడా అంతా దుమ్ము, నీకా ఆయాసం. పనయ్యేదాకా ఓ రెండు నెలలు అక్కడుంటే దానికి సాయం, నీకు కాలక్షేపం. నాలుగింటి బస్సుకు టికెట్ తీశాను.”

“ఇవాళేనా?”

“రేపు పొద్దున గోడ కొడతారక్కా.”

రెండు నెలలంటే ఎంత కాలమో పెద్దక్కకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ముప్పై నాలుగో ఏట ఆమె ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పనిలో ఉండేది. తోటి పనివాళ్ళలో ఒకావిడతో కలిసి ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ గదికి రెండు కిటికీలు. అమ్మకు పక్షవాతం వచ్చింది, లేచి తిరిగేదాకా ఓ రెండు నెలలు ఉండి వెళ్ళక్కా అని తమ్ముడు కబురుపెడితే వచ్చింది. అమ్మ లేవలేదు. ఆరేళ్ళు మంచంలోనే ఉంది. అమ్మ పోయిన ఏడాది తమ్ముడికి కూతురు పుట్టింది. ఆ పిల్ల పెద్దదై, చదువై, ఉద్యోగం దొరికి వేరే ఊరు పోయి ఆరు నెలలయింది. ఇప్పుడు ఇంట్లో ఎత్తుకోవడానికి పసివాళ్ళూ లేరు, లేవనెత్తడానికి ముసలివాళ్ళూ లేరు.

ఆమె నోరు తెరిచింది. మూడు మాటలూ నాలుక చివరి దాకా వచ్చాయి.

“ఇంకాస్త కూర వెయ్యనా?” అంది.

“చాలక్కా.” తమ్ముడు కంచం అంచుకు వేలు రాస్తూ, ఎవరూ అడగని దానికి జవాబు చెప్పాడు. “నువ్వు తిరిగొచ్చాక అన్నీ చూద్దాంలే.”

అంటే వీడికి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. దుకాణంలో నేల చూపులు చూసినప్పుడే తెలుసు. పెద్దక్కకు కోపం రావాల్సింది, రాలేదు. వాడు చిన్నప్పుడు తప్పు చేసి వచ్చి ఇలాగే తల దించుకుని తినేవాడు. అప్పుడు కూడా ఆమె మారు వడ్డించేదే తప్ప అడిగేది కాదు.

తమ్ముడు చేతులు కడుక్కుంటుంటే మేస్త్రీ ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. తమ్ముడి వైపు కాదు, ఆమె వైపే చూశాడు. “ఏమంటారు పెద్దక్కా? పొడుగుదేనా?”

తమ్ముడు కొళాయి కట్టేశాడు గానీ వెనక్కి తిరగలేదు. నీళ్ళ చప్పుడు ఆగిపోయేసరికి ఇల్లంతా ఆమె జవాబు కోసం కాచుకున్నట్టయింది. ఒక్క మాట చాలు. చిన్నది అంటే చాలు.

“పొడుగుదే,” అంది పెద్దక్క. “మార్చొద్దు.”

ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు ఆమెకు ఏడుపొచ్చింది. చిన్నది అంటే తమ్ముడు కాదనేవాడు కాదేమో. గోడ ఉండేది, మంచం ఉండేది, ఆ మంచం మీద రోజూ తను అడిగి తెచ్చుకున్న జాగాలో పడుకోవాల్సి వచ్చేది. అంత ధైర్యం ఆమెకు లేదు. లేకుండా పెరిగింది.

మిగిలిన గంటన్నరలో గిన్నెలు తోమింది. పనివాళ్ళకు టీ కాచి ఫ్లాస్కులో పోసింది. మేస్త్రీని పెన్సిలు అడిగి, అట్టపెట్టెల మీద వరసగా రాసుకుంటూ పోయింది: చెంచాలు, చాకులు. పప్పులు. చిన్న మూతలు. రోజూ వాడేవి. రాయడం పూర్తయ్యేసరికి ఆ ఇంట్లో ఆమెకు మాత్రమే తెలిసిన సంగతి ఏదీ మిగల్లేదు. తన బట్టలు సూట్‌కేసులో సర్దుకుంటే ఇంకా ఖాళీ ఉండిపోయింది. లోపలివి అటూ ఇటూ దొర్లకుండా పాత పేపర్లు కుక్కింది.

తమ్ముడు కారు తీయడానికి కిందికి దిగాడు. సూట్‌కేసును మేస్త్రీ లిఫ్టు దాకా మోశాడు.

“వెళ్తానయ్యా మరి,” అంది పెద్దక్క.

“వెళ్ళొస్తానని అనాలమ్మా,” అన్నాడతను.

ఆమె నవ్వింది. లిఫ్టు తలుపు మూసుకుంది. మేస్త్రీ వెనక్కి వచ్చి, ఇనపమంచం మడిచి బయట వరండాలో గోడకు చేర్చాడు. అది పాత సామాన్లవాడు పట్టుకుపోయేదేనని సార్ పొద్దున్నే చెప్పాడు.

మరదలు అయిదున్నరకు బడి నుంచి వచ్చింది. పెట్టెల మీద రాతలు చూసి, “అబ్బ, వదిన ఎంత బాగా రాసిపెట్టింది,” అంది. ఆ మాటలో వెటకారం లేదు. రెండో పెట్టెలోనే గ్లాసు దొరికింది. నీళ్ళు తాగుతూ సామాన్ల గదిలోకి తొంగి చూసింది. ఖాళీ గది అనుకున్నదానికంటే పెద్దగానే కనిపించింది. పనివాళ్ళు వెళ్ళిపోయారు, వంటింట్లో పాత పలకరాళ్ళు పగలగొట్టిన దుమ్ము ఇంకా తేలుతూనే ఉంది. బట్టలు పాడైపోతాయని గుర్తొచ్చి బాల్కనీలోకి పరుగెత్తింది. మొగుడి చొక్కాలు తీసింది, తన బట్టలు తీసింది, తువ్వాళ్ళు తీసి భుజాన వేసుకుంది. తీగ చివర వదిన పొద్దున్నే ఉతికి ఆరేసిన దుప్పటి ఒకటి మిగిలింది. దానికి ఒక క్లిప్పు తీసింది. రెండోది తీయబోతూ ఆగింది. తమ బీరువాలో పెట్టుకునేది కాదు. పెట్టెలన్నీ కట్టేసి ఉన్నాయి. సామాన్ల గదిలో పెడదామంటే రేపు గోడ కొడతారు. ఎక్కడ పెట్టాలో తోచక కాసేపలాగే నిలబడి, తీసిన క్లిప్పును మళ్ళీ పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

నీలం గళ్ళ దుప్పటి, నడుమ రెండుచోట్ల చేత్తో కుట్టిన అతుకులతో, ఎప్పుడో ఆరిపోయి, దుమ్ము పడుతూ తీగ మీదే ఉంది.