రిబ్బుకు చిక్కిన నూలుపోగు

శనివారం పొద్దున్నే వాసంతికీ ఆమె భర్త శివశంకర్‌కీ పేపరు దగ్గర మాటామాటా వచ్చింది. వంటింటి అలమరలో డబ్బాల కింద పరవడానికి ఆమె తీసింది ఆ రోజు పేపరే.

"ఇయ్యాల్టి పేపరు మీద కారప్పొడి డబ్బా పెడ్తవా?" అన్నాడు శివశంకర్, అలమర ముందు నిలబడి.

"మడత విప్పలేదు కదండీ, అందుకే పరిచాను."

"మడత ఇప్పలేదంటే ఇంక చదవలేదని అర్థం!"

"అయితే నిలబడే చదువుకోండి. పెద్ద వార్తలన్నీ కందిపప్పు డబ్బా కింద ఉంటాయి."

హాల్లో కుర్చీలో కూర్చున్న అత్తగారు సీతాబాయి నవ్వింది. ఆమెకు చూపు సరిగా ఆనదు గానీ చెవులు మాత్రం పాము చెవులు. "అరే శంకరా, నీ కంపెనీ ముచ్చట పేపర్ల రాలేదు తియ్. పరేషాన్ కాకు" అంది.

గొడవ పేపరు గురించి కాదని నలుగురికీ తెలుసు. నాలుగో మనిషి కూతురు హర్షిణి భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని, సాయంత్రం నాలుగింటికి చదవాల్సిన ఉత్తరాన్ని పదోసారి దిద్దుతోంది.

వాళ్ళది చిన్న విమానాల కిట్ల కంపెనీ. ఇద్దరు కూర్చునే విమానాన్ని ముక్కలుగా పెట్టెల్లో పంపిస్తారు. కొన్నవాళ్ళు ఇంటి షెడ్డులో ఏళ్ళ తరబడి బిగించుకుంటారు. గత ఆరేళ్ళలో కొన్న అరవై రెండు మందిలో తొమ్మిది మంది ఈమధ్య ఒకటే ఫిర్యాదు రాశారు. రెక్క లోపల వరసగా నిలబెట్టే అల్యూమినియం రిబ్బులకు రివెట్లు కొడుతుంటే, రంధ్రాల అంచుల్లో వెంట్రుకంత చీలికలు కనిపిస్తున్నాయని. నాలుగింటికి అందరితో వీడియోలో మాట్లాడాలి. రంధ్రాలు కొలతలకు లోబడే ఉన్నాయి, చీలికలు మీరు రివెట్లు గట్టిగా కొట్టడం వల్ల వచ్చాయి. హర్షిణి రాసిన ఉత్తరం సారాంశం అదే. కంపెనీలో నాణ్యత చూసేది ఆ అమ్మాయే.

పదిన్నరకు బెల్లు మోగింది. నార్సింగి నుంచి పార్థసారథి వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు, వాళ్ళ పాత కొనుగోలుదారు. పసిపిల్లను తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టి ఒక రిబ్బు తెచ్చారు.

"ఫోన్లో చెబితే మీ అమ్మాయి నాకు రివెట్టు కొట్టడం రాదంటోందండీ" అన్నారు హర్షిణి వైపు చూసి, నవ్వుతూనే. "అందుకని రివెట్టే కొట్టనిది తెచ్చాను. మీ పెట్టెలోంచి తీసింది తీసినట్టే ఉంది. విమానం ఎగిరిన రోజు పక్క సీటు నాదేనని మా మనవరాలు రసజ్ఞ ఇప్పటి నుంచే అంటోంది. ఎక్కించుకోమంటారా వద్దంటారా, అది చెప్పండి చాలు."

శివశంకర్ రిబ్బును కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. హర్షిణి భూతద్దం తెచ్చింది. రంధ్రాల అంచులు అద్దంలా ఉన్నాయి. "చూడండి అంకుల్, పర్ఫెక్ట్" అంది.

"కండ్లతోని ఏం చూస్తరు?" అంది సీతాబాయి కుర్చీలోంచి. "బట్టతోని చూడుండ్రి."

ఆ మాట వినగానే వాసంతికి ముక్కుపుటాల్లో కంపెనీ మొదలైన బాలానగర్ షెడ్డు వాసన తగిలినట్టయింది. కటింగ్ నూనె, వేడెక్కిన రేకు, పక్క సందులోంచి వచ్చే చాయ్ వాసన. ప్రగతి నగర్‌లో గవర్నమెంటు ఉద్యోగి ఇంట పెరిగి, బి.ఎస్సీ. చదివిన పిల్ల ఆ షెడ్డుకు కోడలిగా వెళ్ళింది. మామ పోచయ్య రేకుల పనివాడు. ఆయన పెట్టిన పద్ధతొకటుంది. ఏ ముక్కయినా పెట్టెలో పడే ముందు బట్టతో పరీక్షించే బల్ల మీదికి రావాలి. సీతాబాయి, వాసంతి ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. అరిగిన వాయిల్ చీరను వేలెడు వెడల్పున చింపి, ఆ పేలికను ప్రతి రంధ్రంలోనూ దూర్చి అంచు చుట్టూ లాగేవాళ్ళు. పోగు చిక్కితే అంచున కంటికి కనపడని గరుకు ఉన్నట్టు. రివెట్టు కొడితే చీలిక అక్కడే మొదలవుతుంది కాబట్టి ఆ ముక్క వెనక్కి పోయేది. మధ్యాహ్నాలు రేడియో పాడుతుండేది. "ఓ చదువుకున్నదానా, నిద్రొస్తున్నదా?" అని అత్తగారు బల్ల కింద నుంచి కాలితో తట్టేది. అప్పుడు కిట్టు కొనేవాళ్ళు షెడ్డుకే వచ్చి, వాళ్ళతో పాటు జొన్నరొట్టె తిని, పెట్టెలు తీసుకెళ్ళేవాళ్ళు. ముక్కలు ఇంకా అక్కడే కోస్తున్నా, ఇప్పుడు మాదాపూర్‌లో అద్దాల ఆఫీసు ఉంది. వచ్చినవాళ్ళకు మెడలో వేసుకునే కార్డు ఇస్తారు.

వాసంతి లోపలికెళ్ళి అత్తగారి పాత చీరొకటి తెచ్చింది. చింపబోతే, "ఇటియ్యి" అని సీతాబాయే అంచు పళ్ళతో కొరికి సర్రున చింపి ఇచ్చింది. వాసంతి కళ్ళు మూసుకుంది. షెడ్డులో బల్ల దగ్గరా అదే పద్ధతి. మొదటి రంధ్రంలో పేలిక జారిపోయింది. రెండో దాంట్లోనూ జారిపోయింది. మూడో దాంట్లో చిన్నగా పట్టింది. కళ్ళు తెరిచి చూస్తే అల్యూమినియం అంచు మీద తెల్లటి పోగు నిలబడి ఉంది.

నలభై రంధ్రాల్లో ఏడింట్లో పోగు చిక్కింది. లెక్కపెట్టింది హర్షిణే.

"నాలుగింటికి మీ మాట కోసం చూస్తుంటాను" అన్నారు పార్థసారథి. భోజనానికి ఉండమంటే ఉండలేదు. రిబ్బును బల్ల మీదే వదిలి, తువ్వాలు మడిచి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

వాసంతి వంటింట్లోకి వెళ్ళి దొండకాయలు తరిగింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. ఆరేళ్ళ కిందట లేజర్ మెషిన్ వచ్చిన వారం ఆమెకు పూస గుచ్చినట్టు గుర్తుంది. మొదట కోసిన యాభై రిబ్బులనూ తనే పరీక్షించింది. ఒక్క పోగు చిక్కలేదు. ఆ ఏడాది అత్తగారి కంటి ఆపరేషను, హర్షిణి ఇంటర్ పరీక్షలు, వేళ్ళ నిండా కోతలు. ఇక బట్ట పరీక్ష అక్కర్లేదని తన గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టింది. లేజర్ వచ్చే ముక్కు వాడేకొద్దీ అరిగి అంచులు గరుకవుతాయని తెలియక కాదు. నెలకోసారైనా వెళ్ళి చూడాలని మనసులో అనుకుంది. కొండాపూర్‌లో ఈ ఫ్లాటు చల్లగా ఉంది, మధ్యాహ్నం కాసేపు పుస్తకం చదువుకోవచ్చు. ఒక నెల పోయింది. మరో నెల పోయింది. బల్లను ఎవరో బయట పెట్టేశారని విన్న రోజు సీతాబాయి అన్నం తినకుండా పడుకుంది. అడిగితే ఆకలి లేదంది. వాసంతి మళ్ళీ అడగలేదు.

ఒంటిగంటకు నలుగురూ భోజనానికి కూర్చున్నారు. రిబ్బు బల్ల చివర అలాగే ఉంది.

శివశంకర్ పప్పు కలుపుతూ అన్నాడు: "పార్థసారథి గారికి కొత్త సెట్టు పంపుదాం. రాసిన తొమ్మిది మందికి కూడ. మిగిలినోళ్ళకు ఆ లెటరే పోనీ. ఒక్క రిబ్బు చూసి అన్నీ గిట్లనే ఉన్నయని ఎట్లంటం? ఒప్పుకున్నమంటే రేపటి నుంచి మన పేరు చెప్పి ఎవ్వడన్న కొంటడా?"

"డాడీ, నేను రోజూ రిపోర్టులు చూస్తున్నా. కొలతలన్నీ కరెక్టే" అంది హర్షిణి. గొంతులో పొద్దుటి ధీమా లేదు. "అసలు అంచు పరీక్ష అనే గడే లేదు మన ఫారంలో. ఎందుకు లేదో నాకు తెల్వదు. నేను చేరేసరికే లేదు."

"మెషినోళ్ళే అక్కర్లేదన్నరు కావచ్చు" అన్నాడు శివశంకర్.

"వాళ్ళు కాదండీ. నేను."

ముగ్గురూ వాసంతి వైపు తిరిగారు. సీతాబాయి కూడా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"ఆ గడి కొట్టేసింది నేను. మెషిన్ కొత్తగా ఉన్నప్పుడు చూసి, ఎప్పటికీ అంతే అని రాశాను. మళ్ళీ వచ్చి చూడాలని తెలుసు. రాలేదు."

"ఇన్నేండ్లు చెప్పకపోతివి?" అన్నాడు శివశంకర్.

"బల్ల తీసేస్తే నాకే హాయిగా అనిపించింది. అందుకని చెప్పలేదు."

శివశంకర్ ముద్ద నోటి దాకా తెచ్చి మళ్ళీ కంచంలో పెట్టాడు. ఏమంటాడోనని హర్షిణి బిగుసుకుని చూస్తోంది. అతను తల్లి వైపు చూశాడు.

"నాకు తెలుసు బిడ్డా" అంది సీతాబాయి కోడలితో. "నీ వేళ్ళు చూసి నేనే నోరు మూసుకున్న. తప్పు నాది కూడ ఉన్నది. జర మజ్జిగ పొయ్యి."

వాసంతి లేచి అత్తగారి గ్లాసులో మజ్జిగ పోసింది. తర్వాత కూర్చోకుండానే చెప్పింది.

"నాలుగింటికి మీరిద్దరూ పక్కన కూర్చోండి, మాట్లాడేది నేను. ఆ కాగితం మీద సంతకం నాది. రివెట్లు మీరు గట్టిగా కొట్టలేదు, మా రంధ్రాలే గరుకుగా వచ్చాయని చెబుతాను. మెషిన్ వచ్చినప్పటి నుంచీ కోసిన ప్రతి రిబ్బూ మార్చి ఇస్తాం, అరవై రెండు మందికీ. రాసినవాళ్ళకే కాదు. కొత్తవి చేరేదాకా ఎవరూ గాల్లోకి లేవొద్దని ముందు ఆ మాటే చెప్పాలి. హర్షిణీ, ఆ ఉత్తరం తీసేసి ఇది రాయి. సోమవారం పొద్దున నేను బాలానగర్ వస్తున్నాను. ఏమండీ, మీరు ఎక్కడి నుంచైనా ఒక బల్ల వేయించండి. అత్తయ్య కూడా వస్తారు."