ఏడు వందల నలభయ్యో మైలు

ఓర్విల్ ఇన్సులిన్ నా ఫ్రిజ్జులో ఉంది. ఓర్విల్ ఎక్కడున్నాడో తెలియదు.

ఓర్విల్ నా మరిది, మా ఆయన లాయిడ్‌కి తమ్ముడు. అతనూ భార్య డెల్ఫినూ వచ్చే ట్రక్కు వెనక గదిలో ఫ్రిజ్జు మొన్న చెడిపోయింది. అందుకని మందు డబ్బా, వంటిల్లూ మంచమూ ఉన్న నా ఇంటిబండిలో పెట్టాం. పొద్దున వాట్సన్ లేక్ ఊళ్లో పెట్రోలు పోయించుకుంటూ ఓర్విల్ అన్నాడు.

"వదినా, నీ వెనక నడిస్తే నా ట్రక్కుకి నిద్రొస్తుంది. మేం ముందు పోతాం. భోజనం ఏడు వందల నలభయ్యో మైలు దగ్గర, కంకర గుంటలో. ఎప్పుడూ తినే చోటే. పన్నెండుకల్లా రా. సూది వేసుకోందే ముద్ద ముట్టకూడదు నేను."

"ఒక సూది దగ్గర పెట్టుకోరాదూ?" అన్నాను.

"అక్కడ నువ్వుంటావు కదా" అని వెళ్లిపోయాడు. నిరుడు ఒక్క పూట తప్పితే రెండు రోజులు ఆస్పత్రిలో పడుకున్నాడు. అయినా అంతే.

ఏటా ఈ దారిన పోతూ తినే చోటే, నిజమే. కానీ బండి నడిపేది లాయిడ్. నేను వెనక బల్ల దగ్గర రొట్టెలకి వెన్న రాస్తూ ఉండేదాన్ని. బండి ఆగాక దిగేదాన్ని. కంకర కుప్ప, తుప్పు పట్టిన పీపా, దోమలు. ఈ రోడ్డు పొడుగునా కంకర గుంటలన్నీ అలాగే ఉంటాయి. లాయిడ్ పోయాక, స్టీరింగు పట్టుకుని రావడం నాకిదే మొదలు.

రోడ్డు పక్క పలకల మీద, రోడ్డు మొదలైన చోటి నుంచి కిలోమీటర్లే ఉంటాయి. అందుకని బయల్దేరే ముందే కాగితం మీద లెక్క వేసుకున్నాను. మైలుకి ఒకటి పాయింట్ ఆరు చొప్పున ఏడు వందల నలభై మైళ్లంటే వెయ్యినూట ఎనభై నాలుగు కిలోమీటర్లు. రెండుసార్లు వేశాను, రెండుసార్లూ అదే వచ్చింది.

పన్నెండుంపావుకి ఆ చోటికి వచ్చాను. గుంట లేదు. రోడ్డుకి రెండు వైపులా బురద నేల, అందులో సగం ఎండిన స్ప్రూస్ చెట్లు. ఇంకొంచెం ముందుకి పోతే ఒక గుంట కనిపించింది. లోపలికి తిప్పాను. దిగి, "ఓర్విల్! డెల్ఫిన్!" అని అరిచాను. ఎవరూ పలకలేదు. చక్రాల జాడ కూడా లేదు.

కాగితం తీసి మళ్లీ గుణించాను. అదే వచ్చింది. అయితే నేను వినడమే తప్పా? ఏడు వందల నాలుగన్నాడా? అదెప్పుడో దాటేశాను. లేక నలభై అన్నది వేరే ఏడాది ఆగిన చోటి మాటా? ఫోనులో సిగ్నల్ ఒక్క గీతా లేదు. ముందుకు పోదామంటే వాళ్లు వెనక ఉన్నారేమో. వెనక్కి పోదామంటే ముందు ఉన్నారేమో. ఉన్నది ఒకటే రోడ్డు. ఒకటే రోడ్డు మీద తప్పిపోవడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు.

చివరికి ముందుకే పోయాను. ఐదు కిలోమీటర్ల అవతల ఒంటరి పెట్రోలు పంపు ఉంది. లోపల నా వయసు ఆవిడ దాల్చినచెక్క బన్నుల మీద పంచదార పాకం పోస్తోంది. చొక్కా మీద వినిఫ్రెడ్ అని పేరుంది.

"ఏడు వందల నలభయ్యో మైలు ఎక్కడమ్మా?" అని అడిగాను.

"దాటేసి వచ్చారు. వెనక్కి నలభై అయిదు కిలోమీటర్లు."

"ఉండదు. నేను లెక్క వేశాను." కాగితం చూపించాను.

ఆవిడ దాన్ని చూడనైనా చూడలేదు. "లెక్క సరిగ్గానే ఉంటుంది. యుద్ధం రోజుల్లో ఈ రోడ్డు పాములా మెలికలు తిరిగేది. మైళ్లు అప్పుడు కొలిచారు. తర్వాత వంపులు కోసేసి తిన్నగా వేశారు. రోడ్డు పొట్టిదైంది. జనం మాత్రం పాత మైళ్లే చెప్పుకుంటారు. అది ఆ చోటి పేరమ్మా, దూరం కాదు."

"మరి పలకల మీద రాసింది?"

"అది కొత్త కొలత. అదీ నిజమే."

"రెండూ నిజమెలా అవుతాయి?"

"ఎలాగో అవుతాయి. విల్లో పొదల దగ్గర నెమ్మదిగా పోండి. కుడి చేతి వైపు ఉంటుంది గుంట."

"మా ఆయన ఎప్పుడూ ఎడమకి తిప్పేవాడే!"

"ఇప్పుడు వెనక్కి పోతున్నారు కదా" అంది వినిఫ్రెడ్, బన్ను ఒకటి చేతిలో పెడుతూ.

ఆ మాట అర్థం కావడానికి నాకు పది కిలోమీటర్లు పట్టింది.

ఒంటిగంటన్నరకి విల్లో పొదల దగ్గర డెల్ఫిన్ కనిపించింది. నా తోడికోడలు రోడ్డు నడుమ నిలబడి పెనం ఊపుతోంది.

"అక్కా! ఇందాక ఇదే పెనం వాయించాను. రాణీగారిలా అటూ ఇటూ చూడకుండా పోయావు!"

"ఎప్పుడు?"

"పన్నెండుకి పావు తక్కువకి. మా ముందు నుంచే!"

ఓర్విల్ మడత కుర్చీలో ఒరిగి ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి. పక్కన రెండు ఖాళీ నీళ్ల సీసాలు. ఆకలికి ఆగలేక మందు లేకుండానే రెండు శాండ్‌విచ్‌లు తిన్నాడట. డెల్ఫిన్ అతని వేలు గుచ్చి చూస్తే మీటరులో చక్కెర ఇరవై రెండు. ఇక్కడి కొలతలో ఎనిమిది దగ్గర ఉండాల్సింది.

డబ్బా తెచ్చాను. డెల్ఫిన్ అతని కడుపు మీద గుచ్చింది. ముగ్గురం దోమలు తోలుకుంటూ కూర్చున్నాం. గంట తర్వాత మళ్లీ చూస్తే పదిహేడు. ఓర్విల్‌కి తిట్టే ఓపిక వచ్చింది.

"ఏడు వందల నలభై అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు వదినా."

"వెయ్యినూట ఎనభై నాలుగులో ఎందుకు లేవు నువ్వు?"

"అక్కడెందుకుంటాను? అదేం చోటు?"

ఎవరిది తప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

డబ్బాని తీసుకెళ్లి మళ్లీ నా ఫ్రిజ్జులో పెట్టాను. చల్లగా ఉండే చోటు అదొక్కటే మరి. తిరిగి చూసేసరికి ఓర్విల్ దిండు చంకలో పెట్టుకుని నా బండి మెట్లెక్కుతున్నాడు.

"ఎక్కడికి?" అంది డెల్ఫిన్.

"మందెక్కడుంటే నేనక్కడ. ట్రక్కు నువ్వు తోలు." లాయిడ్ నడిపే రోజుల్లో, రొట్టెల పని లేనప్పుడు నేను కూర్చునే ముందు సీటులో కూలబడి బెల్టు పెట్టుకున్నాడు. "పోనివ్వు వదినా. టెస్లిన్ ఊరు ఎనిమిది వందల నాలుగో మైలు."

"పలక మీద ఎంత ఉంటుంది?"

"పలకలు చూడకు" అన్నాడు.

పలకలు చూడకుండా నడపడం నాకు రాదు. చూస్తూనే నడిపాను. ఒక్కో పలక రాగానే అతను కళ్లు మూసుకున్నాడు.