తీసుకునేవాళ్లు లేని ఫ్రిజ్

మా వదిన సూపర్‌మార్కెట్‌లో పనిచేస్తుంది. తేదీ దాటిన పాకెట్లను ఎవరూ ఏరుకు తినకుండా కత్తితో చీల్చి చెత్తలో వేయడం ఆమె పని. ఆ పని చేసొచ్చిన రోజు ఆమెకు తిండి సహించదు. అందుకే మా పాత ఫ్రిజ్‌ను మేడ మెట్ల కింద పెట్టించింది. "మిగిలింది పెట్టండి, కావలసింది తీసుకోండి" అని తలుపు మీద రాసింది. కొరివితో తల గోక్కుంటున్నావన్నాడు మా అన్నయ్య.

పెట్టడానికి మాత్రం అందరూ ఎగబడ్డారు. ఎవరి గిన్నె ఘనంగా ఉందో అని పోటీ కూడానూ! తీసుకున్నవాడు ఒక్కడూ లేడు. లోపల వాసన మొదలైంది. సాయంత్రానికి ఖాళీ కాకపోతే పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానన్నాడు ఇంటి యజమాని. వదిన మొహం చిన్నబోయింది.

నాకేమో ఆరా తీయకపోతే నిద్రపట్టదు. కింది వాటా టైలరమ్మను అడిగాను.

"మాకేం ఖర్మ? లేనివాళ్ల కోసం పెట్టాం గానీ" అంది.

పై వాటా మాష్టారూ అదే మాట. మేడంతా తిరిగినా ఆ లేనివాళ్లెవరో నాకు దొరకలేదు. చివరికి వదిననే అడిగాను.

"నువ్వేమైనా తీసుకున్నావా వదినా?"

"నేనా? పెట్టించిందే నేను కదే!" అని, ఠక్కున ఆగిపోయింది.

సాయంత్రం యజమాని పాతసామాన్లవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. మెట్ల నిండా జనం. వదిన ఫ్రిజ్ తెరిచి, పాడైనవి పక్కన పెట్టింది. ఆ పొద్దున టైలరమ్మ పెట్టిన కూర గిన్నె తనే అందుకుని, మెట్టు మీద కూర్చుని తినసాగింది. రెండు ముద్దలు తిని టైలరమ్మ వైపు తిరిగింది.

"బాగుంది పిన్నిగారూ. ఉప్పే కాస్త ఎక్కువైంది."

"ఎక్కువా!" టైలరమ్మ అంతెత్తున లేచింది. "నువ్వేం వెలగబెట్టావో చూద్దాం!" అని వదిన పెట్టిన గిన్నె తీసి నోట్లో వేసుకుంది. తీర్పు చెప్పడానికి మాష్టారు రెండూ రుచి చూశారు. ఆ తర్వాత ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు.

"ఇంతకీ ఎత్తమంటారా, వద్దా?" అన్నాడు పాతసామాన్లవాడు. యజమాని నోటి నిండా రొట్టె. చేత్తోనే వద్దన్నాడు.

వదిన ఖాళీ గిన్నె కడిగి టైలరమ్మకు ఇచ్చింది.

"రేపు నాకు డ్యూటీ ఉంది. వచ్చి వండుకునే ఓపిక ఉండదు. నాకోసం కాస్త పెడతారా పిన్నిగారూ?"

ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, మా వదిన ఒకరిని ఏదైనా అడగడం అదే మొదలు.