మోకాలికి కట్టిన పట్టీ

మీరే. మెట్లు తుడిచే ఆవిడ పాదం మీద కూర్చుని మోకాలు లాగి చూసిన ప్రతి ఒక్కరూ. పాఠం చెప్పిన ప్రొఫెసరూ, వినయంగా తలూపిన సూపర్‌వైజరూ, అతని వెనక ఎప్పుడూ కనిపించని కాంట్రాక్టరూ. ఎవరిని అడిగినా నా పని నేను చేశానంటారు. నిజమే, చేశారు. అందరూ తలా ఒక చెయ్యి వేసి ఆమెను పనిలోంచి తీసి గేటు దాటించారు.

ఆ ఉదయం ఆయమ్మ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే మెట్ల గ్యాలరీ తుడుస్తోంది. పైమెట్టు నుంచి కిందికి, గొంతుక్కూర్చుని, తడిగుడ్డతో. పొడుగు కర్ర ఉన్న తుడుపుగుడ్డ ఇమ్మని అడిగితే, "మూలల్లో మురికికి అది అందదక్కా, చేత్తో తుడిస్తేనే తుడిచినట్టు" అన్నాడు సూపర్‌వైజరు. అతను ఎప్పుడూ ఏ మూలా తుడవలేదు. మెట్టు దిగేటప్పుడు ఆమె ముందు కుడికాలు కర్రలా చాచి దించుతుంది. దాని పక్కకు ఎడమకాలు తెచ్చుకుంటుంది. తరవాత బకెట్టు. ఎవరైనా వస్తున్న అలికిడి అయితే మాత్రం కదలకుండా అక్కడే ఏదో మరక రుద్దుతున్నట్టు నటిస్తుంది.

ఆమధ్య మోకాలు దెబ్బతిన్నది ఈ మెట్ల మీదే. సబ్బునీళ్ళకు జారి పాదం మెట్టు మూలలో ఇరుక్కుపోయింది, ఒళ్ళు పక్కకు తిరిగింది, లోపల ఏదో పటుక్కుమంది. అంతకుముందు నడుం పట్టేసిన ఒకామెను ఎలా పంపేశారో చూసింది గనక నోరు మెదపలేదు. వాపు తగ్గింది గానీ, మోకాలు మాత్రం ఉన్నట్టుండి చేతులెత్తేస్తుంది.

ఇంట్లో సంపాదన ఆమె ఒక్కతిదే. భర్త రంపపు మిల్లులో పొట్టు పీల్చి పీల్చి దగ్గు మిగుల్చుకున్నాడు. రోజూ పొద్దున్నే ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుని పాత దుప్పటి నుంచి చింపిన పట్టీ చుట్టి కట్టేది ఆయనే.

"మరీ బిగించకు. కాలు మొద్దుబారిపోతోంది."

"వదులుగా కడితే ఎవడి వెంటో పారిపోతావు."

"ఈ కాలితోనా? ఆ వచ్చేవాడెవడో నన్ను మోసుకుపోవాలి."

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు దగ్గులోకి దిగింది.

ఇంకా నాలుగు మెట్లు మిగిలి ఉండగానే క్లాసు పిల్లలు వచ్చేశారు. ప్రొఫెసరు ప్లాస్టిక్ కాలిబొమ్మ బల్ల మీద నిలబెట్టాడు. తుంటిది బంతిగిన్నె కీలు, లోతైన గిన్నెలో భద్రంగా కూర్చుంటుంది అన్నాడు. చీలమండకు అటూ ఇటూ ఎముకల గోడలున్నాయి. "పాపం మోకాలికే ఏ ఎముకా కాపలా లేదు. పైది ఒక మొద్దు, కిందిది ఒక పీట. పక్కల రెండు, లోపల కత్తెరలా అడ్డంగా రెండు, ఈ సంధిబంధనాలే, అంటే లిగమెంట్లే, దాన్ని నిలబెట్టేవి. లోపలి ముందుది తెగిందా, మనిషి మెట్టు దిగే తీరే చెబుతుంది." అంటూ తలెత్తాడు. అందరి చూపూ బొమ్మ మీదే ఉందనుకుని ఆమె సరిగ్గా అప్పుడే మెట్టు దిగుతోంది.

"ఆయమ్మా, ఒకసారి ఇలా రా."

ఆయన గొంతులో కోపం లేదు. ఈ కాలి గురించి ఇంటి బయట ఒకరు మెత్తగా మాట్లాడటం ఆమెకు అదే మొదలు. బాగుచేస్తారనుకుంది. బల్ల మీదికి ఎక్కి, ఎవరూ అడక్కముందే పట్టీ తనే విప్పి పక్కన పెట్టింది.

ఆయన మోకాలు మడిచి, ఆమె పాదం కదలకుండా దాని మీద కూర్చుని, పిక్కపైన రెండు చేతులూ వేసి లాగాడు. కాలెముక సొరుగులా ముందుకొచ్చింది. క్లాసంతా ముందుకు వంగింది. తరవాత ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కొక్కరే పాదం మీద కూర్చున్నారు, లాగారు. ఒకడు సరిగా రాలేదని మళ్ళీ లాగాడు.

"నొప్పిగా ఉందా ఆంటీ?" అంది ఒక అమ్మాయి.

"లేదమ్మా. లాగు, నేర్చుకో." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మొహం గోడవైపు పెట్టుకుంది.

గంట కొట్టారు. "ఇది బాగవుతుందా సార్?" అని అడిగింది.

"ఎందుకు కాదు? ఆపరేషన్ చెయ్యాలి. పొద్దున్న ఓపీకి వచ్చి చీటీ రాయించుకో."

ఓపీ తెరిచే వేళే ఆమె పనివేళ. ఆ మాట చెప్పబోతుండగా ఆమెను వెతుక్కుంటూ సూపర్‌వైజరు వచ్చాడు. ప్రొఫెసరు అతనితో దయగానే అన్నాడు: "ఈవిడ లిగమెంట్ పూర్తిగా పోయిందయ్యా. మెట్లు ఎక్కనివ్వకు."

"ఎక్కనివ్వను సార్."

కంగారుగా బల్ల దిగి ఆమె అతని వెనకే వెళ్ళింది. సాయంత్రం దాకా అతను పని అంతా చేయించుకున్నాడు, అప్పుడు చెప్పాడు.

"రేపట్నుంచి రావద్దులే అక్కా."

"నేనెప్పుడైనా పని ఎగ్గొట్టానా?"

"ఎగ్గొట్టలేదు. రేపు పడితే నా మెడకు చుట్టుకుంటావు. అంత పెద్ద డాక్టరే చెప్పాక నేనేం చెయ్యను?"

ఆమె గుడ్డ పిండి ఆరేసింది. బకెట్టు బోర్లించింది. బల్ల మీద వదిలేసిన పట్టీ తెచ్చుకోవడానికి పనిలో తీరికే దొరకలేదు, బయటి మెట్ల దగ్గర గుర్తొచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళాలనిపించలేదు. మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి, పసిపిల్లలా ఒక్కొక్క మెట్టూ జరుగుతూ దిగింది. వెళ్ళిపోయింది.

ఇప్పుడు చెయ్యాల్సింది వినండి. ఆమెను పిలవండి. ఈసారి లాగి చూడటానికి కాదు, బాగుచెయ్యడానికి. తీసేసిన పని తిరిగివ్వండి. నయమయ్యేదాకా జీతం ఆపకండి. ఆమెకే కాదు, ఆ మెట్లు తుడిచే ప్రతి మనిషికీ కర్ర ఉన్న తుడుపుగుడ్డ ఇవ్వండి. అంతవరకూ ఆ బల్ల దగ్గర ఇంకో పాఠం చెప్పడానికి మీకు నోరెలా వస్తుంది? ప్లాస్టిక్ కాలిబొమ్మ పక్కన ఆ దుప్పటి పట్టీ ఇంకా అలాగే ఉంది. ముడి విప్పినా గుండ్రం పోలేదు, లోపల ఒక మోకాలు ఉన్నట్టే.